కారు కదిలే షాట్

"ముప్పై నిండకముందే నా కారు, నా దారి!" కారు ప్రకటన ఆడిషన్‌లో ఈ మాట నేను బాగానే చెప్పాను. నాకు ముప్పై ఎప్పుడో నిండాయన్నది వేరే సంగతి. హీరో వేషం ఇంకొకడికిచ్చారు. "నువ్వూ ఉండవయ్యా, పనుంది," అన్నాడు మేనేజరు. ఉన్నాను.

షూటింగులో మాటలు శుభ్రంగా రికార్డు కావాలని కారు ఇంజను ఆపించారు. కారు కదులుతుంటే హీరో నవ్వుతూ ఆ మాటే చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ప్రకటన టీవీలో వచ్చిన రోజు అమ్మ పక్కింటివాళ్ళను కూడా పిలిచింది. హీరో నవ్వాడు, కారు వెళ్ళిపోయింది, సబ్బు ప్రకటన మొదలైంది.

"ఇందులో నువ్వెక్కడున్నావురా?" అంది అమ్మ.

"కారు కదిలింది కదమ్మా?"

"కదిలింది."

"ఇంజను ఆపేశారు. వెనక వంగి తోసింది నేనే."