నీడపట్టున విశ్వాసమ్మ

“స్టవ్ మంట కూడా వెలుగే కదయ్యా! నా ఒంటికి తగిలితే ఎట్ల?”

మంచం మీద నుంచే అడిగింది విశ్వాసమ్మ. వంటింటి గడప దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డ ఆమె భర్త లేవి తల గోక్కున్నాడు.

“స్టవ్ మంటకు ఏమీ కాదేమోనే.”

“ఏమో అంటే? బొబ్బలు లేస్తే నువ్వు అనుభవిస్తావా?”

లేవి లోపలికి పోయాడు. కాసేపటికి సంగటి కెలుకుతున్న చప్పుడు, దాంతోపాటు అతని దగ్గూ వినిపించాయి. విశ్వాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడిపే లేవి, పెళ్లయిన ఇన్నేళ్లలో తాగిన గ్లాసు కూడా కడిగి ఎరగడు. విశ్వాసమ్మ ఒకచోట కూర్చుని ఎరగదు. కాన్పయిన నెలకే మిరపకాయల కోతకు పోయిన మనిషి. జ్వరమొచ్చినా కలుపుకు పోవాల్సిందే. “కాస్త కూర్చోవే తల్లీ” అని లేవి మొత్తుకుంటే, “నువ్వు కూర్చో, నాకు పనుండాది” అనేది.

అలాంటి మనిషికి అన్నం ముద్ద దిగడం కష్టమైంది. కర్నూలు ఆసుపత్రికి పోతే అన్నవాహికలో క్యాన్సర్ గడ్డ ఉందన్నారు. తొలిదశే కాబట్టి కోత లేకుండా వెలుగుతో తీసేయవచ్చన్నారు. నరానికి ఒక మందు ఎక్కించారు. అది గడ్డలో చేరాక నోట్లోంచి సన్నటి తీగ దింపి, దాని కొస నుంచి ఎర్రటి వెలుగు ప్రసరింపజేశారు. ఆ వెలుగు పడితే మందు రగిలి గడ్డను చంపేస్తుందట. చిక్కల్లా ఎండతోనే. మందు ఒంట్లో ఉన్నంతకాలం ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది.

జాగ్రత్తలన్నీ లేవి ఒక్కడే కనుక్కుని డాక్టర్ గదిలోంచి బయటికొచ్చాడు.

“రెండు నెలలు ఎండ మొగం సూడగూడదంట. గడప దాటేదే లేదు” అన్నాడు దిగులుగా.

లేవి మాటైతే కొట్టిపారేసేదే. డాక్టరమ్మ మాట కాబట్టి తల ఊపింది.

మొదట్లో ఆ చీకటి గదిలో ఊపిరాడలేదు. తర్వాత్తర్వాత రుచి మరిగింది. వెలుగు పేరు చెబితే లేవి దేనికైనా తలొగ్గుతాడని కనిపెట్టాక ఇక ఆగలేదు. స్టవ్ వెలుగు పడదంది. బట్టలారేసే దండెం ఎండలో ఉందంది. చివరికి క్రికెట్ మ్యాచ్ మంచి పట్టులో ఉండగా టీవీ వెలుగూ పడదంది. లేవి నిట్టూర్చి టీవీ కట్టేశాడు.

పక్కింటి ఆనందమ్మ పలకరించడానికి వచ్చి గుసగుసగా అడిగింది.

“టీవీ వెలుగుతో కూడా కష్టమేనా? డాక్టరమ్మ సెప్పిందా?”

“నేనే సెప్పినా. ఊరుకో అక్కా! ఇన్నేళ్లకు నాకూ ఒక అవకాశం దొరికె.”

ఇంతలో వంటింట్లోంచి లేవి కేక వేశాడు.

“ఆనందమ్మా, టీ పెడతాండా, తాగి పో!”

ఆనందమ్మ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

అయితే నవ్వు ఎప్పుడూ తోడుండేది కాదు. ఒక మధ్యాహ్నం గుమ్మం పక్కన వెల్లుల్లి వలుస్తున్న లేవిని చూసి విశ్వాసమ్మ మెల్లగా అడిగింది.

“గడ్డ పోకుంటే ఎట్లయ్యా?”

“పోతాది. నువ్వు నీడపట్టున కదలకుండా ఉండు, అంతే” అన్నాడు తలెత్తకుండా. వెల్లుల్లి ఘాటుకేమో, కళ్లు తుడుచుకున్నాడు.

రెండు నెలలయ్యాక కర్నూలు వెళ్లారు. డాక్టర్ మధులత గొంతులోకి కెమెరా దింపి చూసి, తెర మీద బొమ్మ చూపించింది.

“గడ్డ లేదమ్మా. అంతా మానిపోయింది. బరువు కూడా పెరిగారు!”

విశ్వాసమ్మ రెండు చేతులూ జోడించింది. లేవి ఆటో పిలుస్తానంటూ గబగబా బయటికి పోయాడు.

అతను వెళ్లాడని రూఢి చేసుకుని విశ్వాసమ్మ కుర్చీ ముందుకు జరిపింది.

“మేడమ్, ఒక్క మాట. ఇంకో రెండు నెలలు ఎండ తగలగూడదని మా ఆయనతో సెప్పండి. ఇప్పుడిప్పుడే పప్పులో ఉప్పు సరిగ్గా ఏస్తాండాడు.”

“ఇంకో రెండు నెలలా?” డాక్టర్ కళ్లజోడు తీసి ఆమె వంక వింతగా చూసింది.

“రెండు వారాలు చాలని ఆయనకు ఆ రోజే చెప్పానే!”