కుర్చీ ఏ పక్కన?

“ఇక నేను రాను డాక్టరమ్మా! పక్షవాతమొచ్చినా దీని పంతం చావలేదు. రోజూ పక్కనే కూర్చుంటున్నా, మొహం అటే తిప్పుకుంటోంది,” అంటూ ముసలి టైలరు మంచానికి ఎడమపక్కనున్న కుర్చీలోంచి లేచాడు.

“ఏమైనా గొడవపడ్డారా పెద్దాయనా?”

“పడిపోయిన రోజు పొద్దున్నే. నోటికొచ్చినవన్నీ అనుకున్నాం. అదే మనసులో పెట్టుకుంది.”

డాక్టరు మంచం మీదున్న ఆయన భార్య వైపు చూసింది. ముసలమ్మ ముందున్న పళ్లెంలో కుడి సగం ఖాళీ. ఎడమ సగం ముట్టుకోనేలేదు. డాక్టరు పళ్లేన్ని అటుదిటు తిప్పింది. ముసలమ్మ మిగతాది కూడా తినసాగింది.

“చూశారా? ఇది పంతం కాదు. మెదడుకి దెబ్బ తగిలి, ఎడమవైపు ఒకటుందన్న సంగతే ఆమెకు తెలియడం లేదు. అటునుంచి ఎవరు పలికినా పట్టదు. మీరు అటే ఎందుకు కూర్చుంటున్నారు?”

“దీనికి కుడి చెవి చెవుడమ్మా. పెళ్లయిన కాణ్ణుంచీ ఎడమపక్క కూర్చునే మాట్లాడతా.”

డాక్టరు కుర్చీని కుడివైపు వేసింది. టైలరు వెళ్లి కూర్చున్నాడు. ముసలమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది.

“ఇప్పుడా రావడం? ఇన్నాళ్లూ ఒక్కదాన్నే పడున్నా. ఆ పొద్దు అన్న మాటలకి అలిగే రాలేదు కదూ?”

“రోజూ వచ్చానే పిచ్చిదానా! నీ పక్కనే ఉన్నా!” అని గొంతు చించుకున్నాడు.

ఆ చెవికి వినబడలేదు. ఆమె జవాబు కోసం చూస్తూనే ఉంది.

కాపురంలో ఏనాడూ తప్పు ఒప్పుకోని మనిషి, చెయ్యని తప్పుకి అవునని తలూపాడు.