లేని మంచు

"రెక్కల మీద మంచు కడుతోంది. మబ్బంతా ఇలాగే ఉంది" అని పెద్దల్లుడు రేడియోలో చెప్పేశాడు.

నిజానికి రెక్కలు కడిగిన కంచాల్లా ఉన్నాయి. రవ్వంత మంచు లేదు.

"నిజంగానా?" టవర్లో ఉన్నావిడ గొంతు మారింది. "నేను రిపోర్టు పెట్టానంటే మన చిన్న విమానాలు సాయంత్రం దాకా కదలకూడదండీ."

"కళ్ళారా చూశానమ్మా. పెట్టెయ్."

మంచు కరిగించే ఏర్పాటు లేని విమానం, మంచు ఉందని రిపోర్టు వచ్చిన మబ్బులోకి వెళ్ళకూడదు. అది చట్టం. వెళితే లైసెన్సు పోతుంది. దొంగ రిపోర్టు ఇచ్చినా పోతుంది. కానీ మబ్బులోకెళ్ళి తడిమి చూసొచ్చేదెవడు?

ఇదంతా చిన్నల్లుడి మీద కడుపుమంట. అక్కచెల్లెళ్ళను చేసుకున్న ఈ తోడల్లుళ్ళిద్దరూ ఒకే కంపెనీలో పైలట్లు. అత్తగారింటి పిలుపులే ఇక్కడా స్థిరపడిపోయాయి. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు, చిన్నల్లుడంటే యజమానికి ప్రాణం. అత్తగారి సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు.

చీఫ్ పైలట్ పదవికి చిన్న విమానం నడిపించి పరీక్ష పెట్టడానికి ఒక అధికారి వచ్చాడు. ఉండేది ఇవాళొక్కరోజే. పరీక్ష జరగకపోతే ఆ కుర్చీ బయటివాడికి పోతుంది. నిన్న యజమానీ చిన్నల్లుడూ తలుపేసుకుని గుసగుసలాడి, నవ్వుకుంటూ బయటికొచ్చారు. పరీక్ష చిన్నల్లుడికేనని ఇంకా అనుమానమేముంది? పైగా పొద్దున్నే భార్య, "ఇవాళైనా ఇస్త్రీ చొక్కా వేసుకోండి" అని వెంటపడింది.

"ఎందుకూ? మీ చెల్లెలి మొగుడి పక్కన నిలబడి చప్పట్లు కొట్టడానికా?" అని మాసిన చొక్కాతోనే టపా విమానం ఎక్కేశాడు.

"నాకు రాకపోతే పీడా పోయె. వాడికి మాత్రం రాకూడదు" అనుకుంటూ విమానాన్ని కిందికి దించాడు.

ఆఫీసులో అధికారి సంచీ సర్దుకుంటున్నాడు. యజమాని తల పట్టుకుని కూర్చున్నాడు. చిన్నల్లుడి మొహం వాడిపోయి ఉంది. అది చూశాక పెద్దల్లుడి కడుపు చల్లబడింది.

"ఏం చేస్తాం తమ్ముడూ, చట్టం కదా!" అని భుజం మీద చెయ్యేశాడు.

"ఒక్క చుట్టు తిరిగి రావడానిక్కూడా కుదరదా అన్నయ్యా?"

"ప్రాణం మీదికి తెచ్చుకుంటావా? నీకేమైనా అయితే మరదలికి నేనేం సమాధానం చెప్పుకోను?"

"నాకేమవుతుంది?" చిన్నల్లుడు అయోమయంగా చూశాడు. "నిన్న మన యజమానిగారిని ఎంత బతిమాలితే ఒప్పుకున్నారో!"

"తెలుసులే. మీ నవ్వులు విన్నాను."

"విన్నారా? అయితే తెలిసీ తెలియనట్టున్నారన్నమాట! ముందే చెప్తే వద్దంటారని వదినా నేనూ నోరు కుట్టేసుకున్నాం."

అధికారి అందరికీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. బయట కారు కదిలిన చప్పుడైంది. భుజం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఏం... ఏం చెప్తే?" అన్నాడు పెద్దల్లుడు.

"నా పేరు తీయించి మీ పేరు వేయించాను అన్నయ్యా."