సార్ అనే పిలవాలి

ఈత కొలనులో నీళ్లు తోడేసి తొమ్మిది రోజులైంది. మేనేజరు గదిలో క్లోరిన్ వాసన మాత్రం ఇంకా వదల్లేదు.

విచారణాధికారి ఆ ఉదయమే పై ఊరి నుంచి రైలు దిగి నేరుగా వచ్చాడు. కుర్చీలో కూర్చోగానే అలవాటు ప్రకారం అర నిమిషం కళ్లు మూసుకున్నాడు. ‘ఎవరి తప్పు ఎంతో, అంతే నా చేత రాయించు స్వామీ’ అన్నది ఆయన ప్రార్థన. అంతకంటే ఎక్కువ రాసినా పాపమే, తక్కువ రాసినా పాపమే.

ఆయన రాసే నాలుగు మాటల మీదే కోచ్ బతుకు ఉంది. తప్పని తేలితే ఉద్యోగం పోతుంది. ఆపైన కేసు.

కోచ్ బల్లకు ఎదురుగా నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. కిటికీ పక్కన, ఖాళీ కొలనువైపు ముఖం పెట్టుకుని, చనిపోయిన పాప తల్లి కూర్చుని ఉంది. వచ్చినప్పటి నుంచి ఆమె కోచ్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఎలా చూడబుద్ధవుతుందిలే అనుకున్నాడు అధికారి.

“సార్, మొదలుపెట్టేముందు మీకొక సంగతి చెప్పాలి...” అన్నాడు మేనేజరు.

“మిమ్మల్ని అడిగినప్పుడు చెబుదురుగాని.”

మేనేజరు కోచ్ వంక చూశాడు. కోచ్ అడ్డంగా తలూపాడు.

“ఆ పూట నీళ్లలో పిల్లలెంతమంది?”

“ఇరవై ఆరుగురండీ.”

“కాపలాకి?”

“నేనొక్కణ్ణే. రెండో అతను సెలవు.”

“ఒక్కడితో బ్యాచ్ నడపకూడదని మీ రూల్సులోనే ఉంది కదయ్యా!”

మేనేజరు కల్పించుకున్నాడు. “రూల్సన్నీ ఇంతింత అక్షరాలతో గోడ మీద రాయించామండీ.”

“గోడకి ఈత రాదు కదండీ.”

ఎవరూ నవ్వలేదు.

కోచ్ జరిగింది జరిగినట్టు చెప్పుకుపోయాడు. మెట్ల దగ్గర ఒక పిల్లాడు జారి పడ్డాడు. గడ్డం చీరుకుపోయింది. వాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి, రక్తం ఆగేదాకా గుడ్డ అదిమిపట్టాడు. ఒక నిమిషం, మహా అయితే నిమిషన్నర. అంతసేపూ అతని వీపు లోతు వైపుంది. ఎనిమిదేళ్ల పాప అప్పుడే, లోతుకి అడ్డంగా కట్టిన తాడు కిందుగా అటు జారిపోయింది. తిరిగి చూసి తలలు లెక్కపెట్టాడు. ఇరవై అయిదు ఉండాలి. ఇరవై నాలుగే ఉన్నాయి. దూకాడు.

“పైకి తెచ్చాక?”

“ఊపిరి లేదండీ. ముందు అయిదుసార్లు నోట్లోకి ఊదాను. ఆ తర్వాత ముప్పైసార్లు ఛాతీ మీద నొక్కడం, రెండుసార్లు ఊదడం. అంబులెన్స్ వచ్చేదాకా ఆపలేదు. ఇరవై రెండు నిమిషాలు.”

“ఆక్సిజన్ సిలిండరు లేదా?”

“బీరువాలో ఉందండీ. తాళంచెవి మేనేజరుగారి జేబులో ఉంది. ఆయన భోజనానికి వెళ్లారు.”

మేనేజరు నుదురు తుడుచుకున్నాడు. అధికారి అదీ రాసుకున్నాడు. కానీ ఆయనకి ఒక్కటే మింగుడుపడలేదు. అంత పసిది చేతుల్లో పోతే, మనిషన్నవాడు ఎక్కాలు అప్పజెప్పినట్టు ఎలా చెప్పగలడు?

“అమ్మా, మీరేమైనా అడుగుతారా?”

ఆమె ఇటు తిరగకుండానే అడిగింది. “మునిగేముందు పిలిచిందా?”

మునిగేవాళ్లు చాలామంది అరవలేరని, గొంతు పెగిలే వ్యవధే ఉండదని అధికారికి తెలుసు. ‘లేదు’ అంటే సరిపోతుంది. ఆ తల్లికి కాస్త ఊరట, కోచ్‌కీ మేలు.

“పిలిచింది,” అన్నాడు కోచ్. “ఒక్కసారి.”

“మీకు వినబడిందా?”

“వినబడింది.”

“మరి?”

ఆ ఒక్క మాటకి కోచ్ అధికారి వైపు తిరిగాడు.

“చేరినరోజే పిల్లలందరికీ ఒకటి నేర్పుతానండీ. భయమేస్తే ‘సార్’ అనే పిలవాలి. అమ్మా అనకూడదు, నాన్నా అనకూడదు. అలా అరిస్తే గ్యాలరీలో ఉన్న తండ్రులు బూట్లతో సహా దూకేస్తారు. ఇద్దర్ని నేనే జుట్టు పట్టి లాగాను. ఇక ఆటల్లోనైతే ‘నాన్నా చూడు, నాన్నా చూడు’ అని గంటకి వందసార్లు అంటారు. నా చెవి ‘సార్’ అంటే తప్ప తిరగదు. అలా అలవాటు చేసుకున్నాను. ఎవరి పిల్లలకైనా ఒకటే రూలు.”

“పాప ఏమని పిలిచింది?”

“నాన్నా అని.”

కిటికీ దగ్గర ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

అధికారి కలం ఆగిపోయింది. ఇంతసేపూ ఎవరి మీద చూపాలో తెలియని కోపానికి ఆయనకి ఒక మనిషి దొరికాడు. కాగితాలు తిరగేశాడు. చేరిక ఫారం మీద తల్లి సంతకం ఒక్కటే ఉంది.

“ఆ తండ్రెక్కడమ్మా? బిడ్డ పోయిన విచారణకైనా రావద్దా?”

“సార్, నే చెప్పబోయింది అదే...” అన్నాడు మేనేజరు.

“మీరుండండి! అంత ప్రాణభయంలో నేర్పిన రూలు కూడా మర్చిపోయి ఆ పసిది నాన్నా అని పిలిచిందే, ఆ మహానుభావుడు ఆ పూట గ్యాలరీలో లేడా?”

“గ్యాలరీలో లేనండీ, గట్టు మీదే ఉన్నాను,” అన్నాడు కోచ్.