టేపు రెండో కొస

వెనకటికి స్కాట్లండ్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు, తన ఊళ్ళో ఉన్న మేడలాంటిదే డెట్రాయిట్‌లోనూ కట్టించుకున్నాడు. మందపాటి రాతిగోడలు, మెలికలు తిరిగే రాతిమెట్లు. పడమటి గోడకి బయట కిటికీ ఉంది, లోపల లేదు. ముందూ వెనకా ఒకేలా కనిపించాలని పెట్టిన ఉత్తుత్తి కిటికీ అది.

ఎనభై మూడు నవంబరులో ఆ మేడకి ప్లాను గీసిపెట్టడానికి ఇంజనీరు యజ్ఞనారాయణ ఒప్పుకున్నాడు. ఆఫీసయ్యాక భార్య కామేశ్వరిని తోడు తెచ్చుకుని కొలతలు తీస్తున్నాడు. అప్పటికే చీకటి పడింది. ఇంట్లో కరెంటు లేదు. ఆ గోడలు దాటి మాట వినపడదు కనక వాళ్ళకో పద్ధతి ఉంది. ఆవిడ టేపు కొస గోడకి ఆనించి రెండుసార్లు లాగుతుంది. ఆయన కొలత చదువుకుంటాడు.

మేడమీద పడమటి గదిలో కామేశ్వరికి కొస ఇచ్చి, మెట్లు దాటి, తూర్పు గది గోడదాకా టేపు వదులుకుంటూ వచ్చాడు. అటునుంచి రెండుసార్లు లాగింది. టార్చి వేసి చూశాడు. శనివారం బయట కొలిచిన పొడవు కంటే ఒక గదంత ఎక్కువ.

"సరిగ్గా పట్టుకోవే," అని విసుక్కున్నాడు. టేపు ఇంకాస్త బిగిసింది.

గుమ్మంలో వెలుతురు పడింది. కామేశ్వరి.

"నా టార్చి ఆరిపోయిందండీ. టేపు నేలమీద పెట్టి, బ్యాటరీలకి కార్‌లోకి వెళ్ళొచ్చాను." ఆవిడ టేపు వంక చూసింది. "దేనికి తగిలించారు?"

ఆయన నోరు తెరిచేలోగా, అచ్చం కామేశ్వరి లాగినట్టే, అటునుంచి రెండుసార్లు లాగారు.