దోబ్రి ఏడాది కాగితం

"చూడు గెంచో! మళ్ళీ చింపేశారు!"

వెలిచ్కా కొట్టు తలుపు తోసుకుని వచ్చి, చేతిలోని కాగితం ముక్కలు బల్ల మీద పడేసింది. నల్ల అంచు, సగం పేరు, ఫొటోలో సగం మీసం. భర్త దోబ్రి పోయి ఏడాదయిందని ఊరికి తెలిసేలా ఊరి ఆచారం ప్రకారం బస్టాపు గోడకి ఆమె అంటించిన కాగితం అది. నలభయ్యో రోజుదీ, ఆరో నెలదీ ఎండకీ వానకీ వెలిసిపోయేదాకా ఎవరూ ముట్టుకోలేదు. ఈ ఏడాది కాగితం మాత్రం వారంలో రెండుసార్లు చిరిగింది.

కొట్టు యజమాని గెంచో ముఖం కందగడ్డయింది. దోబ్రితో కలిసి బడి ఎగ్గొట్టి చెర్రీలు దొంగిలించినవాడాయన. గ్లాసులో రకియా సారా పోసుకుని, స్నేహితుడి పేరు చెప్పి మొదటి చుక్క నేల మీద వదిలి, మిగతాది గొంతులో ఒంపుకున్నాడు.

"వాడి చేతులు పడిపోను! బతికున్నవాళ్ళు చాలక చచ్చినవాడి మీద పడ్డాడా? ఎవడో చెప్పు వదినా, తాట తీస్తాను."

"ఎవడైతేనేం? ఇంకోటి అంటిస్తాను. శనివారం సంవత్సరీకం దాకా నిలిస్తే చాలు. ఊరంతా వచ్చి ఉడికించిన గోధుమలు తిని, దేవుడు అతన్ని మన్నించుగాక అంటే నా పని అయిపోతుంది."

"నీ మెతకదనం చూసే వాడికింత లోకువ!"

రొట్టె కోసం వచ్చిన రాయ్నా అవ్వ అందుకుంది. "పాపం, మొగుడి శవాన్నైనా చూసుకోలేదు పిచ్చిది. పనికెళ్ళిన స్పెయిన్‌లో పోతే అక్కడే పూడ్చారాయె. సమాధి లేనిదానికి ఆ కాగితమే సమాధి. వాడక్కడ ఎవతెనో మరిగాడని ఎన్ని నోళ్ళు వాగలేదూ! పోయాడని తెలిశాకే కదా అన్నీ మూతబడ్డాయి. పోయినవాడి గురించి మంచైనా చెప్పాలి, నోరైనా మూసుకోవాలి. పోలీసుల్ని పిలవండర్రా!"

"పోలీసులొద్దు!" వెలిచ్కా గొంతు పెద్దదయింది. "చావు పేరు చెప్పి రచ్చ ఎందుకవ్వా?"

"రచ్చ చేసేది నువ్వు కాదులే, మేము."

నీళ్ళ గొట్టం పగిలి మూడు నెలలైనా కదలని ఊరు అది. ఆ రోజు మాత్రం కదిలింది. వెలిచ్కాని ఇంటికి పంపేసి, ఆమెకి చెప్పకుండానే కాపలాకి సిద్ధమయ్యారు.

మర్నాడు తెల్లవారగానే గెంచో ద్రాక్ష పందిరి కర్ర పట్టుకుని బస్టాపు వెనక నక్కాడు. రాయ్నా అవ్వ చేతికర్రతో పక్కనే నిలబడింది. గోడ మీద కొత్త కాగితం జిగురు ఇంకా ఆరలేదు. సంగతి ఎలా తెలిసిందో, వెలిచ్కా చెప్పులు టపటపలాడించుకుంటూ పరుగున వచ్చింది.

"పొండి ఇళ్ళకి! మీకు దణ్ణం పెడతాను, పొండి!"

"నువ్వుండమ్మాయ్! మనిషికి పోయాకైనా మర్యాద ఉండొద్దూ?" అని అవ్వ కసిరింది.

ఇంతలో పట్నం నుంచి మొదటి బస్సు వచ్చి ఆగి వెళ్ళిపోయింది. ఒక్కడే దిగాడు. కనుబొమల దాకా టోపీ, ముక్కు దాకా మఫ్లర్. తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళి, కాగితాన్ని పైనుంచి కిందికి చదివి, ఓ మూల గోటితో లేపి సర్రున లాగేశాడు.

గెంచో ఒక్క దూకు దూకి కాలరు పట్టుకున్నాడు.

"దొరికావురా దొంగా! చచ్చినవాడు నీకేం ద్రోహం చేశాడురా?"

అవ్వ చేతికర్ర అతని పిక్క మీద పడింది. "దేవుడి భయం లేదట్రా నీకు? ముఖం చూపించు!"

గెంచో మఫ్లర్ గుంజేశాడు. మరుక్షణం ఆయన చేతులు కాలరు వదిలేశాయి. అవ్వ గబగబా శిలువ గుర్తు వేసుకుంది.

వెలిచ్కా ఇద్దర్నీ తోసుకుని ముందుకొచ్చింది. ఏడాదిగా ఊరు చూస్తున్న దిగులు ముఖం కాదది, కోపంతో వణికిపోతోంది.

"చచ్చినవాడివి చచ్చినట్టు ఉండలేకపోయావా, దోబ్రీ?"