తల్లి మీద కామెంటు

“ఎవుడు రాసినా వెబ్‌సైటు నీది. కేసు నీ మీదే. మూసేస్తానని సంతకం ఎట్టమ్మా,” అన్నాడు ఎస్సై.

రాజాం చుట్టుపక్కల ధాన్యం తూకాల్లో మోసాలను శ్రావణి తన వెబ్‌సైటులో బయటపెడుతోంది. నిన్న జగన్నాధం మిల్లులో కాటా గురించి రాసింది. రాత్రికి దాని కింద పేరు లేని కామెంటు ఒకటి పడింది. చనిపోయిన జగన్నాధం తల్లి మీద, నోటితో పలకలేని బూతు. తెల్లారి శ్రావణి అది చూసేలోపే స్టేషన్ నుంచి కబురొచ్చింది.

“మాయమ్మ పోయి ఏడాది కాలేదు. ఏటి రాసినారో సూడు!” జగన్నాధం ఏడుస్తూ తన ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు.

కామెంటు పక్కన డిలీట్ బటన్ ఉంది. శ్రావణి దాని మీద వేలు పెట్టి ఎస్సైకి చూపించింది.

“సార్, ఈ డిలీట్ బటన్ సూడండి. నాకూ, కామెంటు రాసినోలకీ తప్ప ఇంకెవులికీ ఇది కనిపించదు. కన్నతల్లిని ఈయనే తిట్టినాడు.”

ఎస్సై వంగి ఫోను కేసి చాలాసేపు చూశాడు. తర్వాత జగన్నాధం భుజం తట్టి, మెల్లగా అన్నాడు.

“ఫోను జేబులో ఎట్టీండి బావూ.”

పెన్ను మాత్రం శ్రావణి వైపే జరిపాడు.